ఆదివారం కాల్షీటు మబ్బు చేతిలో!

షూటింగ్ యూనిట్‌లో పొద్దున్నే అందరికంటే ముందు ఆకాశం వైపు చూసే మనిషెవరో చెప్పుకోండి చూద్దాం! హీరోగారా? ఆయనింకా మేకప్‌లో వుంటారు. డైరెక్టర్‌గారా? ఆయన సీను పేపర్లలో తల దూర్చి వుంటారు. కెమెరామన్ అన్నవాళ్ళకి సగం మార్కులు వేస్తాను. అసలు మనిషి ప్రొడక్షన్ మేనేజర్! తెల్లవారకముందే లాడ్జి మేడమీద నిలబడి, పళ్ళు తోముకుంటూ, తూర్పున మబ్బు పట్టిందా లేదా అని చూసే ఆ మనిషి మొహం చూస్తే చాలు, ఆ రోజు షూటింగ్ వుందో లేదో చెప్పెయ్యొచ్చు. ఎండ రాకపోతే యూనిట్ మొత్తానికీ టిఫిన్లూ భోజనాలూ దండగ. జనరేటర్ వ్యాన్ బాడుగ దండగ. అన్నిటికీ మించి ఆర్టిస్టుల కాల్షీట్లు దండగ. అందుకే అనుభవమున్న మేనేజర్ జేబులో ఎప్పుడూ రెండు ప్లాన్లుంటాయి. ఎండ వుంటే ఔట్‌డోర్. లేకపోతే అదే ఆర్టిస్టులతో దగ్గర్లో ఏ ఇంట్లోనో తీసుకోదగ్గ ఇన్‌డోర్ సీను. ఆ రెండో ప్లాను లేనివాణ్ణి ఏ నిర్మాతా రెండో పిక్చరుకి పెట్టుకోడు.

ఈ పేజీలో మేనేజర్ గొడవెందుకూ అంటారా? వుంది! శంషాబాద్ వైపు నుంచి ఈమధ్య వస్తున్న ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకే పాట పాడుతున్నాయి. ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేసేవాళ్ళూ, హోటళ్ళలో షిఫ్టులు చేసేవాళ్ళూ, గోదాముల్లో లెక్కలు రాసేవాళ్ళూ... అందరిదీ ఒకటే మొర. "వారానికి ఒక్క సెలవండీ! అది కాస్తా ఎండకో వానకో పోతోంది. ఎక్కడికెళ్ళాలో చెప్పండి" అని. ఎక్కడికెళ్ళాలో చెప్పడం తేలికే. శంషాబాద్ చుట్టూ చూడ్డానికి కావలసినన్ని వున్నాయి. ఎప్పుడెళ్ళాలి, ఎన్నింటికెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళకూడదు అన్నదాన్లోనే వుంది కిటుకంతా. మీ ఆదివారానికి మీరే ప్రొడక్షన్ మేనేజర్లు!

ముందు లొకేషన్ సంగతి. హైదరాబాద్ వాతావరణమూ శంషాబాద్ వాతావరణమూ ఒకటే అనుకోకండి. బేగంపేట పాత విమానాశ్రయం సముద్రమట్టానికి 531 మీటర్ల ఎత్తున వుంటే, 2008 మార్చి 23 నుంచి విమానాలు దిగుతున్న శంషాబాద్ విమానాశ్రయం 617 మీటర్ల ఎత్తున వుంది. అంటే పాతిక అంతస్తుల మేడ ఎక్కినట్టే! పైగా సిటీలోలాగా మేడ పక్కన మేడ కాదు. బండరాళ్ళూ, బీళ్ళూ, విశాలమైన మైదానం. గాలికి అడ్డం లేదు, ఎండకి నీడ లేదు. పగలు ఎంత కాగుతుందో, పొద్దుగూకాక అంత త్వరగా చల్లబడుతుంది. చలికాలం తెల్లవారుజామున మెహిదీపట్నంలో చొక్కాతో తిరిగినవాడు ఆరాంఘర్ దాటేసరికి చేతులు కట్టుకుంటాడు.

ఇక సీజన్లు. వేసవి అంటే అందరికీ మే నెలే గుర్తొస్తుంది. కానీ హైదరాబాద్‌లో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న! రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దవాళ్ళు ఊరికే అనలేదన్నమాట. కనక కొత్త క్యాలెండర్ పేజీ తిప్పగానే వేసవి అయిపోయిందని ధీమా పడకండి. మృగశిర చొరబడి, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేపమందుకి జనం బారులు తీరేదాకా ఎండదే రాజ్యం.

ఎండాకాలం ఔట్‌డోర్ కాల్షీటు పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకానే. ఆ మూడు గంటలకి నేను రాసిచ్చే చోటు అమ్మపల్లి. శంషాబాద్‌కి దగ్గర్లో నర్కూడ పక్కన సీతారామచంద్రస్వామి గుడి. పేరు తెలియకపోయినా మీరు దాన్ని తప్పకుండా చూసే వుంటారు, తెరమీద! ఏడంతస్తుల గాలిగోపురం, చుట్టూ కమానులతో పెద్ద కోనేరు, కొబ్బరిచెట్లు. తెలుగు సినిమాల్లో హీరోయిన్ ప్రదక్షిణాలు చేసిన గుళ్ళలో, హీరో మెట్లమీద కూచుని గంటలు లెక్కపెట్టిన గుళ్ళలో దీని వాటా తక్కువేం కాదు. అక్కడ ఒక్క షాటయినా తీస్తే పిక్చర్ హిట్టని పరిశ్రమలో ఓ నమ్మకం. (అక్కడ తీసీ ఫట్టయిన పిక్చర్ల జాబితా మాత్రం ఎవరూ రాసిపెట్టినట్టు లేదు!) పొద్దున ఏటవాలు ఎండలో గోపురం మీద బొమ్మలు ఒక్కొక్కటీ లేచి నిలబడతాయి. పదిన్నరకి అదే గోపురం తెల్లగా పాలిపోయి కనిపిస్తుంది. కెమెరామన్‌లు పొద్దునా సాయంత్రమూ ఎందుకు తొందరపెడతారో ఆ ఒక్క గుడి దగ్గర రెండు వేళల్లో నిలబడి చూస్తే తెలిసిపోతుంది.

ముచ్చింతల్ సంగతి దీనికి పూర్తిగా వేరు. 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహం చూడ్డానికి చుట్టాలొస్తే చాలు, మనవాళ్ళు భోంచేసి మధ్యాహ్నం బయల్దేరతారు. ఏప్రిల్ మధ్యాహ్నం! చెప్పులు బయట విడిచి, చుట్టూ వున్న 108 దివ్యదేశాల గుళ్ళూ తిరగాలి. నేల రాయి. ఇక చూస్కోండి, భరతనాట్యం నేర్చుకోనివాళ్ళు కూడా అడుగులు వేస్తారు! వేసవిలో అక్కడికి సాయంత్రం అయిదు దాటాకే. దీపాలు వెలిగాక ఆ విగ్రహం అందమే వేరు. పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు ఈ ఒక్క మాటా గుర్తుంచుకుంటే చాలు, మిగతా ప్రయాణం దానంతటదే బావుంటుంది.

మరి పది నుంచి అయిదు దాకా? ఇందులో చెప్పేదేముంది, మ్యాట్నీ! ఒకప్పుడు హాలు బయట 'ఎయిర్ కండిషన్డ్' అన్న బోర్డుకే సగం టిక్కెట్లు తెగేవి. కథ ఎలా వున్నా మూడు గంటల చల్లదనం గ్యారంటీ. నిర్మాతలు వేసవిలో పెద్ద పిక్చర్లు దించేది స్కూళ్ళకీ కాలేజీలకీ సెలవులన్న లెక్కతోనే గానీ, ఎండకి కూడా అందులో కాస్త షేరుంది. రావిర్యాలలో 2016లో తెరిచిన వండర్‌లాలో నీళ్ళాటలు వేసవికి సరిగ్గా అతుకుతాయి, ఒప్పుకుంటాను. కానీ మే నెల ఆదివారం ఆ ఆలోచన మీ ఒక్కరికే వస్తుందనుకోకండి. ఇక తిరిగొచ్చేటప్పుడు బెంగళూరు రోడ్డు పక్కన తాటిముంజలు కనిపిస్తే బండి ఆపాల్సిందే. పైపొర తీయించుకోకండి, వేడికి మంచిదంటారు. రుచికి మాత్రం తీయించుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఏప్రిల్, మే నెలల్లో ఇంకో విలన్ వున్నాడు. సాయంత్రం వచ్చే గాలివాన! పొద్దుటినుంచీ కాగిన నేలమీది వేడిగాలి పైకి లేస్తుంది. దానికి సముద్రం మీదినుంచి వచ్చిన తేమ తోడయితే మధ్యాహ్నం మూడింటికల్లా గోపీచందనం ముద్దలా తెల్లగా వున్న మబ్బు నాలుగున్నరకి నల్లబడి, అయిదింటికి పిడుగులు కురిపిస్తుంది. అందుకని వేసవి సాయంత్రం ఖాళీ మైదానంలో క్రికెట్ పెట్టుకున్నవాళ్ళు ఓ లెక్క నేర్చుకోవాలి. మెరుపు చూడగానే ఒకటి, రెండు అని సెకన్లు లెక్కపెట్టండి. ఉరుము మూడు సెకన్లకి వినపడితే పిడుగు కిలోమీటరు దూరంలో వున్నట్టు. ముప్పై సెకన్లలోపు వినపడిందంటే ఆట కట్టేసి పక్కా ఇంట్లోకో కారులోకో వెళ్ళిపోవాలి. వేపచెట్టు కింద నిలబడ్డం సినిమాలో హీరోయిన్‌కి చెల్లుతుంది గానీ మనకి చెల్లదు. 'దామిని' అని పూణే శాస్త్రవేత్తలు తయారుచేసిన యాప్ ఒకటుంది. చుట్టుపక్కల పిడుగులెక్కడ పడుతున్నాయో చూపిస్తుంది, ఫోన్‌లో పెట్టుకోండి.

ఇప్పుడు వానాకాలం. ఇక్కడే నేను కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, విసుక్కోకండి.

వాన అంటే ఏమిటో మనకి నేర్పింది సినిమానే! 1979లో 'వేటగాడు'లో ఎన్.టి.ఆర్., శ్రీదేవి తడిసినప్పట్నుంచీ, ఆ మాటకొస్తే అంతకు ముందునుంచీ కూడా, వాన కురిస్తే పాట రావాలని మన బుర్రల్లో నాటుకుపోయింది. కానీ తెరమీది వాన అసలు వాన కాదు. ట్యాంకర్లతో నీళ్ళు తెప్పించి, పైపులెక్కించి, చిల్లుల గొట్టాల్లోంచి కురిపిస్తారు. ఆర్టిస్టుల వెనకవైపు నుంచి పెద్ద లైటు కొడతారు. ఆ లైటు లేకపోతే చినుకు కెమెరాకి కనపడనే కనపడదు. నిజం వానలో తీస్తే ఒక షాటులో దంచికొట్టి, మరో షాటులో తూర ఆగి, ఎడిటర్ ప్రాణం తీస్తుంది. అన్నిటికంటే పెద్ద తేడా ఏమిటో చెప్పనా? సినిమా వానకి 'కట్' అంటే ఆగిపోతుంది. ట్యాంకర్ అయిపోతే వాన అయిపోతుంది. అసలు వానకి కట్ చెప్పే డైరెక్టర్ లేడు.

2020 అక్టోబర్ 13 రాత్రి ఆ సంగతి శంషాబాద్ రోడ్డు మీద అందరికీ తెలిసొచ్చింది. క్యాలెండర్ ప్రకారం వానాకాలం వెళ్ళిపోవలసిన రోజులవి, చిత్త కార్తె. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం తెలంగాణ మీదుగా నడిచింది. ఘట్‌కేసర్ ప్రాంతంలో 32 సెంటీమీటర్ల వాన పడింది. ఆరాంఘర్‌కీ శంషాబాద్‌కీ మధ్య గగన్‌పహాడ్ దగ్గర అప్పచెరువు తెగి, నీళ్ళు బెంగళూరు జాతీయ రహదారిని ముంచెత్తాయి. ప్రాణాలు పోయాయి. వాహనాలు బొమ్మల్లా కొట్టుకుపోయాయి. ఎయిర్‌పోర్టుకి వెళ్ళేవాళ్ళని ఔటర్ రింగ్‌రోడ్డు మీదుగా తిప్పి పంపారు. రోజూ బస్సులో కిటికీ పక్కన కునికిపాట్లు పడుతూ దాటే చోటు! అక్కడో చెరువుందని ఆ రాత్రిదాకా ఎంతమందికి తెలుసు?

చెరువులు మరిచిపోయిన ఊరికి వానే గుర్తుచేస్తుంది, ఇది కొత్త కథ కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను తుడిచిపెట్టింది. వేలమంది పోయారు. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించడం, ఆయన సలహా మీద మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తికావడం. శంషాబాద్ కుర్రాళ్ళు ఆదివారం సాయంత్రం గట్టుమీద మొక్కజొన్న కంకి కొరుక్కుంటూ కూచునే హిమాయత్‌సాగర్ అసలు పుట్టింది వరదని పట్టి ఆపడానికి. దాని పూర్తి మట్టం 1763.50 అడుగులు. పేపర్లో 1762 దాటిందని చదివారంటే, పైన వికారాబాద్, చేవెళ్ళ వైపు వాన పడుతోందంటే, గేట్లు లేచే వేళయిందన్నమాట. గేట్లెత్తారని టీవీలో రాగానే మనవాళ్ళు బళ్ళేసుకుని చూడ్డానికి బయల్దేరతారు. దిగువన ఔటర్ సర్వీసు రోడ్డు మీదికి నీళ్ళొచ్చి రాకపోకలు ఆపేయడం ఈ మధ్య ఏళ్ళలో ఎన్నోసార్లు జరిగింది. చూడాలనిపిస్తే దూరంగా, ఎత్తు మీంచి, పగటిపూట చూడండి. పోలీసులు పెట్టిన బారికేడ్ పక్కనుంచి బండి దూర్చే మొనగాడు వెనక సీట్లో వున్నవాళ్ళని అడగడు కదా! కదిలే నీళ్ళు అరడుగుంటే చాలు, కాళ్ళు తీసేస్తాయి. రెండడుగులుంటే కారుని తేల్చుకుపోతాయి. స్కూటర్ గురించి వేరే చెప్పాలా?

అలాగని జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దుప్పటి ముసుగేసి పడుకోమని కాదు. మన దగ్గర ఏడాదికి పడేది సుమారు 80 సెంటీమీటర్లు. అందులో ముప్పాతిక వంతు ఈ నాలుగు నెలల్లోనే. వినడానికి ఎక్కువే గానీ, చాలా రోజులు ఉత్త మబ్బూ, చిరుజల్లూ, చల్లగాలీనే. కొన్ని రోజులు మాత్రం మొత్తం బాకీ ఒక్కసారే తీరుస్తుంది. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు దాటినట్టు! పట్టుకోవాల్సిన కిటుకు గడియారంలో వుంది. ముసురు పట్టిన రోజులు వదిలేస్తే, మన దగ్గర దంచికొట్టే వాన ఎక్కువగా మధ్యాహ్నం తర్వాత, సాయంత్రం, రాత్రి వేళల్లోనే వస్తుంది. కనక వానాకాలం పొద్దులు ఔట్‌డోర్‌కి, సాయంత్రాలు ఇన్‌డోర్‌కి. నన్నడిగితే జులై ఆదివారం పొద్దున్నే బయల్దేరి చేవెళ్ళ మీదుగా అనంతగిరి వెళ్ళి, మూసీ పుట్టిన కొండల్లో మబ్బులు పాకుతూంటే చూసి, మధ్యాహ్నం రెండింటికల్లా వెనక్కి తిరగడాన్ని మించింది లేదు. ఆషాఢంలో అయితే గోల్కొండలో మొదలై ఊరూరా బోనాలు.

సాయంత్రం సినిమాకి వెళ్ళేవాళ్ళకి నా స్వంత సూత్రం ఒకటి చెబుతాను. శంషాబాద్‌లో వుండేవాళ్ళు వానాకాలంలో గగన్‌పహాడ్ ఇవతలి వైపు వున్న హాలే చూసుకోండి. ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్‌లో సెకండ్ షో చూసే సరదా నాకు తెలియంది కాదు. ఈలలూ, పేపరు ముక్కలూ, తెరముందు హారతులూ... ఆ మజా మల్టీప్లెక్స్‌లో రమ్మంటే రాదు. కానీ షో వదిలేసరికి అర్ధరాత్రి దాటుతుంది, అప్పటికి రోడ్లమీద నీళ్ళెక్కడున్నాయో కనపడదు. అంతగా మనసు లాగితే మార్నింగ్ షోకి వెళ్ళండి. ఉందానగర్ స్టేషన్ నుంచి రైలుంది, అది చూసుకుని వెళ్తే రోడ్డు గొడవే వుండదు. కొత్త పిక్చర్ మొదటి ఆదివారం మార్నింగ్ షోలో అభిమానుల సందడి సెకండ్ షోకి ఏమాత్రం తీసిపోదు.

అన్నట్టు, వాతావరణ సూచన చదవడం కూడా ఓ విద్యే. "హైదరాబాద్‌లో మోస్తరు వర్షం" అని చూసి, సరే అనుకుని బయల్దేరతారు చాలామంది. శంషాబాద్ వున్నది రంగారెడ్డి జిల్లాలో! వాతావరణ శాఖ హెచ్చరికలిచ్చేది జిల్లాల వారీగా. హైదరాబాద్ పచ్చగా వుండి, పక్కన రంగారెడ్డి ఆరెంజ్‌లో వుండొచ్చు. 'మౌసమ్' యాప్‌లో జిల్లా రంగు చూడండి. ఎల్లో అంటే ఓ కన్నేసి వుంచమని. ఆరెంజ్ అంటే సిద్ధంగా వుండమని. రెడ్ అంటే ప్యాకప్! మాటల్లో కూడా తేడాలున్నాయి. 'భారీ' అంటే రోజుకి ఆరున్నర సెంటీమీటర్ల పైమాట, 'అతి భారీ' అంటే పదకొండున్నర దాటి, 'అత్యంత భారీ' అంటే ఇరవై దాటి. పోస్టర్ల మీద 'భారీ తారాగణం', 'అతి భారీ సెట్టింగులు' చదివీ చదివీ మనకి ఆ మాటలంటే లెక్కలేకుండా పోయింది గానీ, వాతావరణ శాఖవాళ్ళు పబ్లిసిటీకి వాడరు. శనివారం రాత్రి ఒకసారి, ఆదివారం పొద్దున ఒకసారి చూసుకోండి. మూడ్రోజుల ముందు చూసినదాన్ని నమ్మి కూచోకండి.

రద్దు చేసుకోవడం మనవాళ్ళకి మహా కష్టం. నలుగురం కలిసి అనుకున్నాం, డబ్బులు కట్టాం, ఇప్పుడెలా మానేస్తాం అంటారు. లక్షలు పోతాయని తెలిసి కూడా మేనేజర్ ఎందుకు ప్యాకప్ చెబుతాడో ఒక పాతకాపుని అడిగాను. "ఈ రోజు పోతే రేపు తీస్తాం బాబూ, కెమెరా తడిస్తే రేపు కూడా లేదు" అన్నాడు. ఆయన కెమెరా గురించే అన్నాడు లెండి.

దసరా దాటి చిత్త, స్వాతి కార్తెలు గడిచాక అసలైన ఔట్‌డోర్ సీజన్. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆకాశం కడిగిన పళ్ళెంలా వుంటుంది. సూర్యుడు నడినెత్తికి రాడు, దక్షిణానికి వాలి నడుస్తాడు. నీడలు మెత్తగా, పొడుగ్గా పడతాయి. యూనిట్లన్నీ ఈ నెలల కోసమే కాచుక్కూచుంటాయి. రామోజీ ఫిల్మ్‌సిటీ చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నవాళ్ళు ఈ సీజన్‌కే అట్టిపెట్టుకోండి. 1996లో మొదలైన ఆ నగరం ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో సముదాయమని గిన్నిస్‌వాళ్ళే రాసుకున్నారు. అదంతా ఓ రోజంతా తిరిగే వ్యవహారం, మే నెలలో తిరిగితే సెట్టింగులకంటే మంచినీళ్ళ కుండలే గుర్తుంటాయి. శంషాబాద్ నుంచి ఔటర్ ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే సరి. మోటార్‌సైకిళ్ళవాళ్ళకి మాత్రం ఔటర్ మీద ప్రవేశం లేదు, సర్వీసు రోడ్డే గతి.

చలికాలంలో టైమింగ్స్ తిరగబడతాయి. వేసవిలో ఆరింటికి బయల్దేరమన్న నేనే ఇప్పుడు ఎనిమిదిన్నర దాకా ఆగమంటాను. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున శంషాబాద్ మైదానం మీద పొగమంచు పరుచుకుంటే విమానాలే ఆలస్యమవుతాయి, ఇక బెంగళూరు రోడ్డుమీద లారీ వెనకాల మోటార్‌సైకిలెంత? హైదరాబాద్‌లో 1946 జనవరి 8న 6.1 డిగ్రీలకి దిగింది. అంతలేకపోయినా స్వెట్టర్ మరవద్దు. మంచు విడిపోయాక హిమాయత్‌సాగర్ దగ్గర వలస పక్షులు, మధ్యాహ్నం ముచ్చింతల్ (ఇప్పుడు రాయి కాలదు!), సాయంత్రం జనవరి 1 నుంచి నాంపల్లిలో నుమాయిష్. 1938 నుంచీ సాగుతున్న ఆ ఎగ్జిబిషన్‌లో కాళ్ళు నొప్పెట్టేదాకా తిరగొచ్చు. సంక్రాంతికి దిగే పిక్చర్ల గురించి నేను చెప్పాలా? టిక్కెట్లు దొరికితే నాకూ ఒకటి పంపండి. ఇక అక్టోబర్ నుంచి నవంబర్ దాకా బెంగళూరు రోడ్డు పొడుగునా గంపల్లో సీతాఫలాలు. దేశమంతా పేరున్న 'బాలానగర్' రకం మన షాద్‌నగర్ దాటాక వచ్చే ఆ బాలానగర్‌దే. కళ్ళు విచ్చి, కళ్ళ మధ్య తెల్లబడ్డ కాయ ఏరుకుంటే రెండో రోజుకి పండుతుంది. మెత్తగా వున్నది కొంటే బస్సు దిగేలోపు సంచి ఖరాబు.

చేతిలో పైసా లేని ఆదివారాలకి కూడా ఓ కాలక్షేపం చెప్పి ముగిస్తాను. విమానాలు చూడ్డం! విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగుతుంది, గాలికి ఎదురుగా లేస్తుంది. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా వున్నాయి, పెద్దది 4,260 మీటర్లు. వానాకాలంలో గాలి పడమటినుంచి కొడుతుంది కనక విమానాలు తుక్కుగూడ, మహేశ్వరం దిక్కునుంచి వచ్చి దిగి, పడమటి వైపుకి లేస్తాయి. చలికాలంలో గాలి తూర్పుకి తిరిగిందా, అవి బెంగళూరు హైవే మీదుగా తక్కువ ఎత్తులో వచ్చి దిగుతాయి. గాలి తిరిగినప్పుడల్లా రోజు మధ్యలో కూడా మారొచ్చు. అంచేత కెమెరాతో వెళ్ళేవాళ్ళు ముందు ఏ ఇంటిమీదో ఎగిరే జెండా ఎటు కొట్టుకుంటోందో చూసి, అప్పుడు వైపు ఎంచుకోండి. హైవే అంచున బండి ఆపద్దు. ఔటర్ మీద ఆపితే చలానా. ఊరి రోడ్లలో ఏ టీకొట్టు పక్కనో నిలబడితే సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర దాకా వెలుతురు బావుంటుంది. ఈ అక్టోబర్‌లో మీ ఇంటిమీంచి వెళ్ళే విమానం ఏ రోజు దిక్కు మార్చిందో తేదీ వేసి రాసి పంపండి. ముందుగా వచ్చిన ఉత్తరాలు ఈ పేజీలోనే అచ్చువేస్తాను.